మెట్లు మరిచిన మేడ

మహమూదా బడి కమిటీకి చైర్మన్ అయిందంటే అది ఆమె గొప్పా కాదు, ఎవరి దయా కాదు. నోట్లో ఉన్న నాలుగు గుండుసూదుల పుణ్యం.

నిరుడు ఆగస్టులో పేటలోని పత్తిమిల్లు వీధి ఆడపిల్లల బడిలో తల్లిదండ్రుల కమిటీ ఎన్నిక పెట్టారు. పోటీకి ఇద్దరు దిగారు. భవ్య తాతయ్య నాగేశ్వరరావు ఒకరు, కీర్తి నాయనమ్మ గురవమ్మ ఇంకొకరు. ఇద్దరిదీ శావల్యాపురం పక్కన ఒకటే ఊరు, ఒకటే వీధి, ఎదురెదురు అరుగులు. పార్టీలు మాత్రం రెండు. మనవరాళ్ళ చదువుల కోసమని పేటకొచ్చి కాపురం పెట్టినా ఆ గొడవను మూటగట్టుకుని వెంట తెచ్చుకున్నారు. ఆయన ఔనంటే ఆవిడ కాదనాలి, ఆవిడ కూర్చుంటే ఆయన లేవాలి. గంటన్నర అరుచుకున్నాక హెడ్మిస్ట్రెస్ కృపామణి తలపట్టుకుని, "మీ ఇద్దరికీ కాని మనిషి ఎవరైనా ఉంటే చెప్పండయ్యా" అంది.

వెనక బెంచీలో మహమూదా సాయంత్రానికి ఇచ్చేయాల్సిన లంగాకి అంచు మడుస్తూ కూర్చుంది. ఆమె భర్త అబ్దుల్ మజీద్ రైలు పట్టాల అవతల ట్రాక్టరు ట్రాలీలు తయారుచేస్తాడు, ఈమె ఇంట్లో బట్టలు కుడుతుంది. పెదాల మధ్య నాలుగు సూదులు. ఇంత గొడవలోనూ నోరు మెదపని మనిషి ఈమె ఒక్కతే కాబట్టి అందరి కళ్ళూ ఆమె మీద పడ్డాయి. వద్దు వద్దని చెయ్యి ఊపుతూ ఆమె నోట్లోంచి నాలుగో సూది తీసేసరికి చప్పట్లు కూడా అయిపోయాయి. ఆ మనిషి నోరు ఎంత పెద్దదో కమిటీకి ఆ తర్వాత తెలిసింది, పాపం.

ఏదయితేనేం, చైర్మన్ అయ్యాక మహమూదా ఆ పని వదల్లేదు. వదలకపోవడానికి కారణం ఇంట్లోనే ఉంది. కూతురు షాహీన్ తొమ్మిదో తరగతి. ఆ బడిలో తొమ్మిది దాకానే ఉంది. పాత పెంకుల గదులు దించి, కింద గదులు బాగుచేసి, పైన మేడ వేసి నాలుగు గదులు లేపితే పదో తరగతి ఇస్తామని విద్యాశాఖ వాళ్ళన్నారు. జూన్ పదో తారీఖున ఆఫీసరు తనిఖీకొచ్చేసరికి పిల్లలు కూర్చునేట్టు ఉండాలి. లేకపోతే పదో తరగతి పిల్లలందరూ పట్టాల అవతలి బడికి పోవాలి. మజీద్ ఆ మాట వినగానే తేల్చేశాడు. "పట్టాల అవతలికి పంపను. ఆ రోడ్డు మీద లారీలు తోలే వాళ్ళను నేను రోజూ చూస్తా ఉన్నా. పిల్లను నీ మిషను ముందు కూర్చోబెట్టు."

మహమూదా చదువు ఏడుతో ఆగింది. ఆమెకప్పుడు బడి దూరమైంది, అంతే. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు, మిషను ముందు కూర్చోబెట్టారు. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఆమె ఆ మిషను ముందే ఉంది. అందుకే ఇటుక వచ్చినా, ఇసుక వచ్చినా లారీ పక్కన నిలబడి ఉండేది. సిమెంటు బస్తా చిరిగితే కొత్త చీర చిరిగినంత గోల మేస్త్రి సాల్మన్ రాజు మీద చేసేది.

ఇక వాస్తు సంగతి. మేడకు మెట్లు బయటినుంచి పెట్టాలి. ఏ మూలన పెట్టాలి? నాగేశ్వరరావుకు సత్తెనపల్లిలో ఒక సిద్ధాంతి ఉన్నాడు, నైరుతి తప్ప ఇంకో మూల పనికిరాదన్నాడు. గురవమ్మకు ఎడ్లపాడులో ఒక సిద్ధాంతి ఉన్నాడు, వాయవ్యం తప్ప ఇంకెక్కడ పెట్టినా పిల్లలు పరీక్ష తప్పుతారన్నాడు. ఈశాన్యం మటుకు వద్దే వద్దని ఇద్దరు సిద్ధాంతులూ ఒక్క గొంతుతో అన్నారు. మీటింగు పెట్టినప్పుడల్లా ఇదే రగడ. చివరికి సాల్మన్ రాజు, "మెట్లు ఆఖర్లో చూద్దాం లెండి, ముందు మిగతా పని కానివ్వండి" అన్నాడు. కమిటీ మొత్తానికి నచ్చిన మాట ఆ పది నెలల్లో అదొక్కటే.

పని కానిచ్చారు. అబ్బో, ఎంత బాగా కానిచ్చారో! సరుగుడు కర్రలతో పరంజా కట్టి, దాని పక్కనే ఏటవాలుగా పలకలు పరిచి, ఆ దారినే ఇటుకలూ ఇసుకా పైకి మోశారు. గోడలు లేచాయి, స్లాబు పడింది, స్లాబు రోజున అందరూ బిర్యానీ తిన్నారు. ఫ్యాన్లు తిరిగాయి. బెంచీలకు తాడేసి పైకి లాగారు. గోడలకు లేత పసుపు రంగు వేశారు. పోయేవాళ్ళూ వచ్చేవాళ్ళూ పలకల మీద ఎక్కుతూ దిగుతూ ఉంటే మెట్ల సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?

జూన్ ఏడో తారీఖు ఉదయం నాగేశ్వరరావు, గురవమ్మ మెట్ల మూల తేల్చుకుందామని పలకల మీదుగా పైకెక్కారు. పైన వరండాలో ఆయన ఈ కొసన, ఆవిడ ఆ కొసన నిలబడి మొదలుపెట్టారు. అదే సమయానికి కర్రలు అద్దెకిచ్చిన మనిషి నలుగురు కూలీలతో వచ్చాడు. అతనికి చిలకలూరిపేటలో ఇంకో ఇంటి పని ఉంది, కర్రలు మధ్యాహ్నానికి అక్కడుండాలి. కిందినుంచి చూస్తే పైన మనుషులు కనపడరు. అరుపులు వినపడతాయి గాని, ఆ బడిలో అరుపులు కొత్తేమీ కాదు. కట్లు కోశారు, కర్రలు పీకారు, పలకలు బండికెత్తారు, వెళ్ళిపోయారు.

పదకొండింటికి మహమూదా గొడుగేసుకుని గేట్లో అడుగుపెట్టేసరికి కృపామణి, సాల్మన్ రాజు తలలెత్తి నోళ్ళు తెరుచుకుని నిలబడి ఉన్నారు. పసుపురంగు మేడ ఎండలో మెరిసిపోతూ ఉంది. ఎక్కడానికి దారి లేదు. పిట్టగోడ మీదినుంచి రెండు తలలు కిందికి చూస్తున్నాయి.

"మహమూదా! మమ్మల్ని దించమను!" అని గురవమ్మ కేకేసింది.

"ఎట్టా ఎక్కారు అత్తా?"

"ఎక్కినప్పుడు దారుంది. ఈ నాగేశుడు మాట్లాడతా ఉంటే అది కూడా పోయింది!"

"నేను మాట్లాడతా ఉంటేనా? అక్కా, నోరు ఎవరిది లేచింది ముందు?"

మహమూదాకు ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేక గొడుగు మూసి, మళ్ళీ తెరిచి, దాని చాటున నవ్వింది. అంతలోనే, మూడు రోజుల్లో ఆఫీసరు వస్తాడని గుర్తొచ్చి గొడుగు దించింది. ఆఫీసరు వచ్చి ఎటునుంచి ఎక్కుతాడు? పిల్లలు ఎటునుంచి ఎక్కుతారు? షాహీన్?

"ఏందయ్యా మేస్త్రీ ఇది?" అని సాల్మన్ రాజు మీద పడింది.

"నన్నంటావేందమ్మా? ఒకరు ఈ మూల వద్దన్నారు, ఒకరు ఆ మూల వద్దన్నారు. కట్టమన్న మూల ఒక్కటి చెప్పండి, కట్టకపోతే నన్ను చెప్పుతో కొట్టండి" అన్నాడతను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

బడి మొత్తానికి ఒకటే నిచ్చెన ఉంది. సాల్మన్ రాజు దాన్ని భుజానేసుకుని తెచ్చి గోడకు ఆనించబోయాడు. మహమూదా పట్టుకుని లాగి వేపచెట్టు నీడలో నేలమీద పడుకోబెట్టింది. దాని మీద కూర్చుని, సంచిలోంచి బ్లవుజు తీసి హుక్సు కుట్టడం మొదలుపెట్టింది.

"మూల తేలేదాకా ఈ నిచ్చెన లేవదు" అంది.

"ఇదేం అన్యాయం! పెద్దవాళ్ళం!" అని పైనుంచి నాగేశ్వరరావు.

"పైన ఫ్యాన్లున్నాయి, కరెంటుంది, బెంచీలున్నాయి బాబాయ్. నా కూతురు కూర్చోవాల్సిన బెంచీలే. కాసేపు మీరు కూర్చుని చూడండి, ఎంత బాగుంటదో."

కృపామణికి భయమేసింది గాని నవ్వు కూడా ఆగలేదు. తాడుకట్టి బకెట్లో మంచినీళ్ళు పైకి పంపింది. ఒంటిగంటకు తన క్యారేజీ, మహమూదా తెచ్చుకున్న చపాతీలు కూడా అదే బకెట్లో పైకి వెళ్ళాయి. గోంగూర పచ్చడి ఎవరికెంతన్న దగ్గర పైన ఇంకో విడత గొడవ జరిగింది. రెండింటికి గొడవ ఆగింది. మూడింటికి పైనుంచి గురక వినపడింది, అది తనదని ఇద్దరిలో ఎవరూ ఇప్పటికీ ఒప్పుకోలేదు.

నాలుగింటికి ఇద్దరి తలలూ మళ్ళీ పిట్టగోడ మీద కనపడ్డాయి. ఈసారి పక్కపక్కనే.

"అమ్మాయ్, నైరుతిలో ఆ నీళ్ళ ట్యాంకు ఎప్పుడు కట్టారు?" అన్నాడు నాగేశ్వరరావు. గొంతు కాస్త తగ్గింది.

"ఉగాది ముందు బాబాయ్. మీరే కొబ్బరికాయ కొట్టారు."

"మరి వాయవ్యంలో మరుగుదొడ్లు?" అంది గురవమ్మ.

"నువ్వే రిబ్బను కత్తిరించావు అత్తా."

ఆగ్నేయంలో వంటగది ఎటూ ఉంది. కింద నిలబడి కొట్లాడినన్నాళ్ళూ ఎవరి మూల వాళ్ళకు ఖాళీగానే కనపడింది. పైనుంచి చూస్తే తప్ప తెలియలేదు, ఇద్దరూ తమ మూలల్ని తామే పూడ్చేసుకున్నారని. మిగిలింది ఈశాన్యం ఒక్కటే, ఇద్దరు సిద్ధాంతులూ కలిసి వద్దన్న మూల.

"ఈశాన్యంలో మెట్లు కడితే మా సిద్ధాంతి నా మొహం చూడడు" అన్నాడు నాగేశ్వరరావు.

మహమూదా దారం కొరికి లేచింది. పది నెలలుగా ఈ ఇద్దరితో వేగి వేగి ఆమెకు కూడా వాస్తు వచ్చేసింది. "బాబాయ్, నిచ్చెనకు వాస్తు ఉంటదా?"

"నిచ్చెనకు వాస్తు ఏందే? అది సామాను. ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుంటాం."

"కట్టకుండా, బోల్టులేసి నిలబెట్టి, రేపు కావాలంటే విప్పుకునేదైతే?"

పైన ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గురవమ్మ ఎడ్లపాడుకు, నాగేశ్వరరావు సత్తెనపల్లికి ఫోన్లు కలిపారు. విప్పుకునేది సామానేనని అక్కడ ఇద్దరు సిద్ధాంతులూ ఒప్పుకున్నారు. ఆఖరికి నిచ్చెన లేచింది. గురవమ్మ చీర బిగించి ముందు దిగుతూ, "ఒరేయ్ నాగేశా, పైన గట్టిగా పట్టుకోరా, పార్టీ సంగతి కిందికెళ్ళాక చూసుకుందాం" అంది. ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు.

కృపామణి మునిసిపల్ ఇంజనీరుకు ఫోన్ చేసింది. ఇనపవైనా సరే, నాలుగడుగుల వెడల్పు, రెండు పక్కలా పట్టుకోడానికి కడ్డీలు ఉండాలన్నాడు. సిమెంటు మెట్లకు మూడు వారాలు పడుతుంది. ఇనప మెట్లు మూడు రోజుల్లో ఎవరు చేస్తారు? మహమూదా గొడుగు కూడా మర్చిపోయి పట్టాలు దాటింది.

మజీద్ విని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ట్రాలీలు చేసేవాణ్ణే, మెట్లు ఎట్టా చేస్తా? ఆ వాలు లెక్క నాకేం తెలుసు? ఒక్క అంగుళం తేడా వచ్చినా మేడకు అందదు."

అప్పటికే వెనకాలే వచ్చి నిలబడిన షాహీన్ నేలమీద పడున్న సుద్దముక్క తీసుకుంది. తండ్రికి కనపడేట్టు షెడ్డు గచ్చు మీద త్రికోణం గీసింది. "మేడ ఎత్తు పదకొండు అడుగులు అబ్బా. అరడుగు చొప్పున ఇరవై రెండు మెట్లు. ఒక్కో మెట్టు పది అంగుళాలు ముందుకు." వేళ్ళ మీద కాసేపు లెక్కేసింది, పక్కన ఏవో గుణకారాలు గీసి కొట్టేసింది. "ఇరవై ఒకటిన్నర అడుగుల ఇనప ఛానెళ్ళు రెండు కోసుకో. కొంచెం మిగులుద్ది, అరగదీసుకో."

మజీద్ నమ్మలేదు. గచ్చు మీద పదకొండు అడుగులు ఒకవైపు, పద్దెనిమిది అడుగుల నాలుగంగుళాలు ఇంకోవైపు గీతలు గీసి, కొసనుంచి కొసకు టేపు పరిచాడు. ఇరవై ఒక్క అడుగులు, నాలుగున్నర అంగుళాలు. టేపు చూశాడు, కూతుర్ని చూశాడు, మళ్ళీ టేపు చూశాడు. ఇరవై ఏళ్ళుగా ముందు కోసి తర్వాత అరగదీసేవాడికి కోయకముందే కొలత చెప్పిన మనిషి దొరికింది. కళ్ళద్దాలు పెట్టుకుని వెల్డింగు మిషను ఆన్ చేశాడు.

పదో తారీఖు ఉదయం ఎనిమిదింటికి మెట్లు బయల్దేరాయి. చూడాలి ఆ సంబరం! కింది మెట్టుకు వదులుగా గోనెపట్టా చుట్టి ఉంది, రంగు ఆరలేదని మజీద్ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ట్రాక్టరు ట్రాలీ మీద మెట్లను పక్కకు పడుకోబెట్టి పట్టాల దాకా తెచ్చారు. గేటు పడింది. ఒక గూడ్సు బండి తన పెళ్ళికి తనే వెళ్తున్నట్టు తీరిగ్గా పోయింది. గేటు లేచాక నాగేశ్వరరావు అడ్డం వచ్చాడు.

"ఏందయ్యా, శవాన్ని తీసుకుపోయినట్టు పడుకోబెట్టి తెస్తారా? నిలబెట్టండి!"

ఆయన ఊరి కుర్రాళ్ళు అప్పటికే వచ్చేశారు. ఏటా శివరాత్రికి కోటప్పకొండకు ఎనభై అడుగుల వెదురు ప్రభను నిలబెట్టే చేతులవి, ఇరవై ఒక్క అడుగుల మెట్లొక లెక్కా? నాలుగు వైపులా తాళ్ళు కట్టి ట్రాలీ మీద మెట్లను నిటారుగా నిలబెట్టారు. గురవమ్మ పసుపూ కుంకుమా పూసి, గుమ్మడికాయ కొట్టి, బంతిపూల దండ వేసింది. ఎక్కడినుంచి వచ్చాయో డప్పులొచ్చాయి. ముందు ఇద్దరు పొడుగాటి వెదురు గడలతో కేబుల్ వైర్లను పైకెత్తుతుంటే, కిందినుంచి ఇరవై రెండు మెట్లు ఊరేగుతూ వెళ్ళాయి. ఎండాకాలంలో ప్రభ ఏందని జనం మిద్దెలెక్కి చూశారు. టీ కొట్టు దగ్గర ఒకాయన దణ్ణం కూడా పెట్టాడు.

వెనకాల ఒక జీపు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయింది. అందులో ఉన్నది ఆఫీసరు. పత్తిమిల్లు వీధి ఇరుకు, పక్కకు తప్పుకునే చోటు లేదు. ఆయన కాసేపు చూసి జీపు దిగి, చెమట తుడుచుకుంటూ మెట్ల వెనకే నడిచి బడికి వచ్చాడు. తనిఖీ చేయాల్సిన మెట్ల వెనక ఊరేగింపులో నడిచిన ఆఫీసరు జిల్లాలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఈశాన్య మూలలో కుర్రాళ్ళు తాళ్ళు వదులుతుంటే మెట్లు మెల్లగా వాలి మేడ అంచును తాకాయి. మహమూదా కళ్ళు గట్టిగా మూసుకుంది. టంగుమని శబ్దం వచ్చింది. తెరిచి చూస్తే పై మెట్టు వరండా గచ్చుతో సమానంగా కూర్చుని ఉంది. ఒక్క అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు. షాహీన్ ఎగిరి గంతేసింది. సాల్మన్ రాజు బోల్టులు బిగించాడు. మజీద్ ముందు తనే ఎక్కి ఒక్కో మెట్టు మీదా దబదబా దూకి చూసి దిగాడు. ఆ తర్వాత ఆఫీసరు కడ్డీ పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు, వెనక కృపామణి.

అప్పుడు మజీద్ వంగి గోనెపట్టా విప్పాడు.

పల్నాడులో ఏ ట్రాలీ అయినా వెనక తలుపు మీద యజమాని పిల్లల పేర్లు లేకుండా షెడ్డు దాటదు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ పిల్లల పేర్లన్నీ రాశాడు మజీద్. ఇప్పుడు ఆ కింది మెట్టుకు, కాలు పడని నిలువు రేకు మీద, ఎర్ర గులాబీలకూ పచ్చ ఆకులకూ మధ్యన, పసుపు అక్షరాలు నీడ తేలేట్టు రాసి ఉన్నాయి. షాహీన్, పదో తరగతి.

మహమూదా ఒకటికి రెండుసార్లు చదువుకుంది. "ఇంకా ఆఫీసరు ఏమీ చెప్పలేదు గందా షాహీన్ అబ్బా. ఆయన కాదంటేనో?"

"కాదంటే పట్టాల అవతలికి పంపుతా. రోజూ నేనే దాటిస్తా, నేనే తెస్తా" అన్నాడు మజీద్, చేతికంటిన రంగు లుంగీకి తుడుచుకుంటూ. "ఇన్ని మెట్లు దాటించినోణ్ణి, రెండు పట్టాలు దాటించలేనా?"

పైనుంచి కృపామణి గొంతు చించుకుంది. "మహమూదా! ఒప్పుకున్నారమ్మా! పదో తరగతి మనదే!"

డప్పులు మళ్ళీ మోగాయి. నాగేశ్వరరావు రెండో మెట్టు తన భవ్యకు కావాలన్నాడు. గురవమ్మ రెండోది కీర్తిదని, కావాలంటే భవ్య మూడోది తీసుకోవచ్చని అంది. ఇంకా ఇరవై ఒకటి ఖాళీ ఉన్నాయి, రంగు డబ్బా ఉంది, కొట్టుకోకండి అని మజీద్ వాళ్ళిద్దరి మధ్యా నిలబడ్డాడు.

"అమ్మీ, ఎక్కు" అని షాహీన్ చెయ్యి పట్టి లాగింది. ఈ రోజు కోసం మహమూదా పది నెలలుగా ఎన్ని మాటలు దాచుకుందో. మొగుడికి చెప్పాల్సినవి, కమిటీకి చెప్పాల్సినవి, ఏడో తరగతి పిల్లగా ఉన్నప్పుడు చెప్పలేకపోయినవి. ఇప్పుడు నోట్లో ఒక్క గుండుసూది కూడా లేదు. అయినా ఒక్క మాట బయటికి రాలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, కూతురి పేరు మీద చెయ్యి ఆనించింది. వేళ్ళకు పసుపు రంగు అంటుకుంది. ఆ రంగు చేత్తోనే కూతురి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది.